ఖాళీగా వెళ్ళని గిన్నె

మార్తమ్మ గారు పోయారన్న వార్త నాకు మొదట చెప్పింది మా ఆడపడుచు విజయ. భీమవరంలో ఐస్ ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తుంది. మార్తమ్మ గారి ఊరి నుంచి ఐసు కోసం వచ్చిన వ్యాను డ్రైవరు చెబితే విని, పని మధ్యలోనే నాకు ఫోను చేసింది. అప్పుడు నేను పొయ్యి ముందు నిలబడి సున్నుండలకి మినపప్పు వేయిస్తున్నాను. పప్పు ఎర్రబడుతోంది. కమ్మటి వాసన అప్పుడే వంటిల్లంతా పరుచుకుంటోంది. "వదినా, మార్తమ్మ గారని ఉండేవారు చూడు, పొద్దున్న ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారంట," అంది. నేను పలక్కపోయేసరికి గుర్తు రాలేదనుకుని, "అదే వదినా, గల్ఫ్‌లో ఎవరో దొరగారింట్లో గిన్నె దొంగతనం చేసిందని పంపించేశారు కదా, ఆవిడ," అని కలిపింది. ఆవిడ నాకు పెద్దమ్మ వరసని, నేనూ అదే ఇంట్లో పనిచేశానని అత్తవారి వైపు ఎవరికీ నేనెప్పుడూ చెప్పలేదు. విజయ మంచి పిల్ల. ఎవరి గురించీ చెడ్డగా అనే మనిషి కాదు. ఊరంతా ఇరవై ఏళ్ళుగా అంటున్న మాటే అంది. ఫోను పెట్టేసరికి పప్పు మాడిపోయింది. ఆ మాడు వాసనలోనే కూర్చుని చాలాసేపు ఏడ్చాను. తర్వాత బాణలి తోముకుని, వేరే పప్పు పోసి మళ్ళీ వేయించాను. సున్నుండలు లేకుండా ఆవిడ ఇంటికి వెళ్ళే మొహం నాకు లేదు.

ఈమధ్య టీవీలో మళ్ళీ అవే మాటలు వినిపిస్తున్నాయి. ఒక దేశం యుద్ధానికి పోదాం రమ్మంటుంది. దాని పాత నేస్తం రానంటుంది. చర్చకి కూర్చున్న పెద్దమనుషులు "ఇక ఆ స్నేహం తెగినట్టే" అని తేల్చేస్తారు. తెగిందో లేదో వాళ్ళకేం తెలుసు? అలాంటి రెండు దేశాలకి నడుమ ఉన్న వంటింట్లో నేను పనిచేశాను. ఆ దేశాల పేర్లు రాయను. ఆ దొరగార్ల పేర్లూ రాయను. మార్తమ్మ గారు నేర్పిన మొదటి పాఠమే అది, దాన్ని ఇప్పుడు కూడా మీరను. కానీ ఆవిడ పేరు మాత్రం రాస్తాను.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. బడి కాలవకి అవతల గట్టున ఉండేది, పడవ మీద దాటి వెళ్ళాలి. చలికాలం పొద్దున్న ఆ మంచులో పడవెక్కితే సాయంత్రానికి ఊపిరి ఆడేది కాదు. మా నాన్న లూథరన్ గుడిలో ఉపదేశి. పాస్టరు గారు రాని ఆదివారాలు వాక్యం చెప్పేది ఆయనే. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని బైబిల్లో అక్షరాలు దిద్దించారు. తర్వాత ఎక్కాలు. ఆ తర్వాత ఎవరో ఇచ్చిన పాత ఇంగ్లీషు వాచకం, అట్ట లేనిది. దేవుడికి స్తోత్రం, ఆ అట్ట లేని పుస్తకమే తర్వాత నాకు అన్నం పెట్టింది.

నాన్న పోయిన ఏడాది, నాకు ఇరవై మూడేళ్ళప్పుడు, మార్తమ్మ గారు సెలవు మీద ఊరొచ్చారు. మా ఊరికి మూడో ఊరు వాళ్ళది. అమ్మకి వరసకి అక్క. అప్పటికి పన్నెండేళ్ళుగా గల్ఫ్‌లో ఒక రాయబారి ఇంట్లో వంట చేస్తున్నారు. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. వచ్చీ రాగానే జాకెట్టులోంచి ఒక చీటీ తీసి నా చేతిలో పెట్టారు. "ఇంగ్లీషు వచ్చంట కదే. ఇది చదువు చూద్దాం. మా దొరసాని రాసింది."

చదివాను. "సూపులో ఉప్పు తగ్గించు. ఆయన మొహమాటానికి చెప్పరు గానీ చాలా ఎక్కువవుతోంది, అని ఉంది పెద్దమ్మా," అన్నాను.

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "ఓరి దేవుడా. ఈ చీటీ ఇచ్చి రెండు నెలలైంది. వేలు ఉప్పు డబ్బా వైపు చూపించింది, ఇంకా వెయ్యమంటోందనుకున్నాను. పాపం ఆ మనిషి నోరు మెదపకుండా తాగాడు." నవ్వు ఆపుకుని నన్ను ఎగాదిగా చూశారు. "నాకు చేతులున్నాయి గానీ కళ్ళు లేవే. నువ్వు రా నాతో. కళ్ళు నీవి, చేతులు నావి." అలా వెళ్ళాను నేను గల్ఫ్.

ఆ ఇల్లు చాలా పెద్దది, తెల్లటిది, లోపలెప్పుడూ చల్లగా ఉండేది. రోడ్డుకి అవతల, సరిగ్గా గేటుకి గేటు ఎదురుగా, ఇంకో రాయబారి ఇల్లు. మా దొరగారి దేశమూ ఎదురింటి దొరగారి దేశమూ తాతల కాలం నుంచీ ఒక జట్టు. ఎదురింటివాళ్ళది పెద్ద దేశం, మావాళ్ళది అంతకన్నా చిన్నది. ప్రతి శుక్రవారం ఒకరింట్లో ఒకరు భోజనం. ఒకవారం ఇక్కడ, ఒకవారం అక్కడ. నేను వడ్డనకి వెళ్ళిన మొదటి శుక్రవారం మార్తమ్మ గారు నా పమిట సర్ది చెప్పారు: "కృపా, వడ్డించేటప్పుడు చెవులు వంటింట్లో వదిలేసి వెళ్ళాలే. పొరపాటున తగిలించుకుని వెళ్ళావనుకో, విన్నది ఆ బల్ల దగ్గరే వదిలేసి రా. అన్నం పెట్టిన ఇంటి మాట మన ఊరి రేవు దాటకూడదు."

ఎదురింటి వంటావిడ ఏలియమ్మ, కేరళ మనిషి. ఒకసారి ఆవిడ పెద్ద పింగాణీ గిన్నెలో ఏదో కేకు పంపింది. తెల్లటి గిన్నె, నీలం అంచు, అడుగున వాళ్ళ దేశపు ముద్ర. మార్తమ్మ గారు దాన్ని కడిగి, తుడిచి, నిమ్మకాయ పులిహోర నింపి తిప్పి పంపారు. మర్నాడు ఏలియమ్మ గేటు దగ్గర నవ్వుతూ అడిగింది: "ఎందుకు చేచీ ఇంత శ్రమ, కడిగి ఇస్తే చాలదా?" చేచీ అంటే వాళ్ళ భాషలో అక్క. ఆవిడ ఇంగ్లీషుని నేను తెలుగులోకి, మార్తమ్మ గారి తెలుగుని ఇంగ్లీషులోకి తిప్పుతున్నాను. మార్తమ్మ గారు అన్నారు: "మా వైపు ఇరుగు పొరుగు గిన్నె ఖాళీగా పంపరమ్మా. ఏమీ లేకపోతే గుప్పెడు బియ్యమైనా, చిటికెడు పంచదారైనా వేసి పంపుతారు. ఖాళీ గిన్నె పంపారంటే ఇంక మీ గడప తొక్కం, మా గడప తొక్కొద్దు అని." ఏలియమ్మ ఆ మాట తన దొరసానికి చెప్పిందట. ఆవిడకి సరదా వేసింది. అప్పట్నుంచి ఆ నీలం అంచు గిన్నె రోడ్డు దాటని వారం లేదు. అటు నుంచి మాంసం, కేకులు. ఇటు నుంచి గారెలు, బూరెలు. ఖాళీగా మాత్రం ఒక్కసారీ దాటలేదు.

తర్వాత యుద్ధం మాటలు మొదలయ్యాయి. పెద్ద దేశం పోదామంటోంది, మా దొరగారి దేశం ఇంకా ఏమీ తేల్చలేదు. ఆ శుక్రవారం వంతు మాది. ఎదురింటివాళ్ళు వస్తూ ఆ గిన్నెలో వేయించిన మాంసం తెచ్చారు. నేను నీళ్ళ జగ్గు పట్టుకుని గోడవారగా నిలబడ్డాను. ఆ రోజు చెవులు వంటింట్లో వదిలి రావడం మర్చిపోయాను.

ఎదురింటి దొరగారు పెద్దగా నవ్వే మనిషి. ఆ రోజు నవ్వలేదు. "మా తాతలు మీ గడ్డ మీద, మీ కోసం ప్రాణాలిచ్చారు. అది కూడా మర్చిపోయారా?" అన్నారు.

మా దొరగారు చెంచా కింద పెట్టారు. మెతకగా మాట్లాడే మనిషి, ఉప్పు ఎక్కువైందని రెండు నెలలు చెప్పలేని మనిషి. ఆయన అన్నది నాకు ఈ రోజుకీ మాటకి మాట గుర్తుంది. "ఆ సమాధుల మీద ప్రతి ఏడూ పూలు పెడుతున్నాం. మర్చిపోయి ఉంటే మీకు నచ్చిన మాట ఒకటి చెప్పి, వెనకాల ఇంకొకటి చేసేవాణ్ణి. మేం ఈ యుద్ధానికి రావడం లేదు. రేపు మా రాజధానిలో ప్రకటిస్తారు. మీరు అది ఇంకొకరి నోట వినకూడదని ఇవాళ నేనే చెబుతున్నాను."

ఎదురింటి దొరసాని లేచారు. "పిరికితనానికి ఎన్ని మర్యాదలో," అన్నారు. వాళ్ళు తీపి వడ్డించకముందే వెళ్ళిపోయారు. గిన్నె మా వంటింట్లో ఉండిపోయింది.

ఆ మాట మా దొరసానిగారికి గుండెల్లో గుచ్చుకుంది. ఇక మీదట ఈ ఇంట్లోంచి అటు ఒక్క ముద్ద కూడా వెళ్ళకూడదని చెప్పేశారు. ఇంక శుక్రవారాలు లేవు. రోడ్డు మీద ఎదురుపడితే కార్ల అద్దాలు పైకి వెళ్ళేవి. వాళ్ళ పత్రికల్లో మా దొరగారి దేశాన్ని వెన్నుపోటుదారు అని రాస్తున్నారని డ్రైవరు చెప్పాడు. కిటికీలకి అడ్డంగా నిలువుగా టేపులు అంటించారు. విషపు గాలి వస్తే పెట్టుకోమని మా అందరికీ తలా ఒక ముసుగు, సంచీలో పెట్టి ఇచ్చారు. మార్తమ్మ గారు తన సంచీని ఎండుమిరపకాయల పక్కన మేకుకి తగిలించారు. "ఇది పెట్టుకుంటే పోపు మాడిందో లేదో ఎలా తెలుస్తుందే," అన్నారు.

ఆవిడకి ఆ యుద్ధం కన్నా గిన్నె పెద్ద బెంగైపోయింది. నింపి పంపుదామంటే దొరసాని మాట మీరాలి. ఖాళీగా పంపుదామంటే చెయ్యి రాదు. నాలుగు రోజులు దాన్ని అలమరలో ఇటు జరిపి అటు జరిపి, చివరికి తన పెళ్ళిచీరలో చుట్టి ట్రంకు పెట్టెలో దాచారు. "దారి దొరికిందాకా ఇందులో ఉంటుంది. పగలకూడదు, ఖాళీగా పోకూడదు," అన్నారు. ఇంకే దేశం మనిషైనా కడిగి డ్రైవరు చేతికిచ్చి ఊరుకునేవాడు. గోదావరి జిల్లా ఆడదానికి తప్ప అలాంటి పొరపాటు ఎవరికీ చేతకాదు.

ఎదురింటివాళ్ళు కుటుంబాన్ని స్వదేశం పంపించే ఏర్పాట్లలో ఉన్నారు. ముద్ర ఉన్న ప్రతి పళ్ళెమూ వాళ్ళ సర్కారు ఆస్తి. వాళ్ళ ఆఫీసు మనిషి ఒకాయన జాబితా పట్టుకుని, మా ఆఫీసు మేనేజరుతో కలిసి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. మార్తమ్మ గారు పెరట్లో చేపలు బాగుచేస్తున్నారు. "నీలం అంచు గిన్నె ఒకటి తక్కువైంది. ఇక్కడుందా?" అని నన్నడిగాడు. నాకు వచ్చినదల్లా నాన్న నేర్పిన ఇంగ్లీషు. అందులో ధైర్యం నేర్పే పాఠం లేదు. దాచిన వస్తువు, పరాయి దేశం సొత్తు, యుద్ధం రోజులు. "తెలియదండి," అన్నాను.

తెలుసు. అది అబద్ధం. ఈ మాట రాయడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

ఆ మనిషి వెళ్ళి దొంగతనం అని కాగితం రాసి మా ఆఫీసుకీ, వీసాలు చూసే ఆఫీసుకీ పంపేశాడు. మర్నాడు పొద్దున్న మా పెట్టెలు తెరిపించారు. పెళ్ళిచీర మడతల్లోంచి నీలం అంచు బయటపడింది.

ముందు గదిలో దొరగారు, దొరసాని, మేనేజరు కూర్చున్నారు. బల్ల మీద గిన్నె. మార్తమ్మ గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు గానీ తల వంచలేదు. నేను పక్కన, అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పడానికి. మేనేజరు అన్నాడు: "ఈ అమ్మాయి నిన్న తెలియదంది. ఇద్దరూ కలిసే దాచారా?"

నేను దాన్ని తెలుగులో చెప్పడానికి నోరు తెరిచానో లేదో, నా మొహం చూసే ఆవిడకి అర్థమైపోయింది. తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ పోగుచేసుకుని ముందుకు జరిగారు. "షీ నో నో, సర్. ఓన్లీ మీ." తనకి తెలియదండీ, నేనే. ఆవిడ నోట నేను విన్న ఒకే ఒక్క అబద్ధం అది, నా కోసం ఆడింది. అది నిజం కాదని నేను చెప్పలేదు.

"సరే, క్షమాపణ కాగితం మీద వేలిముద్ర వెయ్యి. గిన్నె డ్రైవరు ఇచ్చొస్తాడు," అన్నాడు మేనేజరు.

"వేలిముద్ర వెయ్యనండి, నేను దొంగని కాదు. గిన్నె ఇస్తాను. ఖాళీగా మాత్రం పంపను," అన్నారు ఆవిడ. నేను ఇంగ్లీషులో చెప్పాను. దొరసాని మొహం ఎర్రబడింది. "వాళ్ళు మనల్ని పిరికివాళ్ళన్నారు మార్తా. వాళ్ళకి నువ్వు వంట చేసి పంపుతావా?" 

"వాళ్ళు అన్నది వాళ్ళ నోటి గుణం అమ్మగారండి. పంపేది మన చేతి గుణం." అని, దొరగారి వైపు తిరిగారు. "అయ్యగారూ, ఒక్క మాట అడుగుతాను. మీ దేశం వాళ్ళతో యుద్ధానికి రానందా, వాళ్ళతో నేస్తమే వద్దందా? నేస్తమే వద్దంటే చెప్పండి, మీ కళ్ళ ముందే కడిగి ఖాళీ గిన్నె పంపేస్తాను. యుద్ధానికి మాత్రమే రామంటే నాకో గంట టైమివ్వండి. ఇంట్లో మినపప్పుంది."

ఈ మాటల్ని ఇంగ్లీషులోకి తిప్పేటప్పుడు నేను ఒక్క మాటా తగ్గించలేదు. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే. దొరగారు గిన్నె అంచు మీద వేలు తిప్పారు. "రెండూ ఒకటి కాదు," అన్నారు, తనలో తాను అనుకున్నట్టు. తర్వాత తలెత్తి, "గంట సరిపోతుందా?" అని అడిగారు.

పప్పు వేయించాం, మిక్సీలో పట్టాం. బెల్లం మా ఇంటి నుంచి తెచ్చుకున్నది, మూటలో కొంచెం మిగిలి ఉంది. నెయ్యి కరిగించాం. నేను చుట్టిన ఉండలు విడిపోతున్నాయి. "గట్టిగా పట్టవే. దొరగారి చేతిలో విడిపోతే రెండు దేశాల మర్యాదా పోతుంది," అన్నారు మార్తమ్మ గారు. అంతలోనూ ఆవిడకి ఎకసెక్కమే. నేను ఏడుస్తూ నవ్వాను. "పెద్దమ్మా, నేను అబద్ధం చెప్పాను," అన్నాను. "తెలుసులే, ఉండ చుట్టు," అన్నారు.

డ్రైవరుకి ఇవ్వలేదు. దొరగారు కోటు వేసుకుని, గిన్నె రెండు చేతులతో పట్టుకుని, నడిచి రోడ్డు దాటారు. అటు గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న కాపలావాడు మూత తీసి చూశాడు. మేం కిటికీ టేపు సందుల్లోంచి చూస్తున్నాం. గేటు తెరుచుకుంది. గంట దాటింది, రెండు గంటలు కావస్తోంది, అప్పుడొచ్చారు. కోటు ముందుభాగమంతా సున్నుండల పిండి. వంటింటి గుమ్మంలో నిలబడి నాతో అన్నారు: "మార్తకి చెప్పు. ఆయన రెండు మాటలన్నాడు. మేం చేసింది తప్పని ఇప్పటికీ అనుకుంటున్నాడు. ఇవి ఎలా చేస్తారని వాళ్ళావిడ అడుగుతోంది."

గిన్నె యుద్ధాన్ని ఆపలేదు. ఆపిందని రాస్తే అది నా రెండో అబద్ధం అవుతుంది. యుద్ధం వచ్చింది, ఎందరు తల్లులు ఏడ్చారో ఆ దేవుడికే తెలుసు. మా దొరగారి దేశం రానంది, రాలేదు. కానీ ఆ రోజు తర్వాత ఆ రెండు గేట్లూ మూతపడలేదు. ఎదురింటి కుటుంబం వెళ్ళిపోయినప్పుడు ఏలియమ్మకీ ఇంకో ఇద్దరు పనివాళ్ళకీ వెళ్ళే దారి లేకపోతే, వాళ్ళ దొరగారు మా దొరగారికి ఒక్క మాట చెప్పారు. వాళ్ళు ముగ్గురూ మా వంటింట్లోనే మా చాపల పక్కన చాపలు వేసుకున్నారు. మాట కాదన్న నేస్తం ఇంటికే తన మనుషుల్ని పంపాడాయన. ఎందుకంటే ఈ ఇంట్లో అవునంటే అవును, కాదంటే కాదు అని ఆయన కళ్ళారా చూశాడు.

మార్తమ్మ గారికి మాత్రం ఏదీ కలిసిరాలేదు. దొంగతనం అన్న కాగితం అప్పటికే వీసా ఆఫీసుకి చేరింది. దొరగారు స్వయంగా వెళ్ళి అడిగారు. ఎక్కిన పేరు తీయడం కుదరదన్నారు, ఆవిడ్ని దేశం నుంచి పంపించెయ్యాల్సిందేనన్నారు. ఆవిడ ప్రయాణానికి రెండు రోజుల ముందు గిన్నె మళ్ళీ వచ్చింది, నిండా ఖర్జూరాలు, పైన ఒక చీటీ. ఎదురింటి దొరగారి రాత, సంతకం. చదివి వినిపించాను: "ఈ గిన్నె పోలేదు. నేను ఈ ఇంటికి ఇచ్చి ఉంచాను. నేను తిరిగి వచ్చేదాకా దీన్ని ఖాళీగా ఉంచొద్దని వంట చేసిన ఆమెకి చెప్పండి."

"ఇంకోసారి చదువు," అన్నారు. చదివాను. ఆవిడ చీటీ తీసుకుని, స్టవ్ వెలిగించి, మంట మీద పెట్టారు.

"పెద్దమ్మా, అదొక్కటే కదా సాక్ష్యం. ఊళ్ళో చూపించుకోవచ్చు కదా," అన్నాను.

"ఆయన పేరుంది దాని మీద. బయట యుద్ధం నడుస్తోంది. ఎవరి చేతిలో పడితే ఆయన కొంపకి ఏం చుట్టుకుంటుందో మనకేం తెలుసు? ఆయన నన్ను నమ్మి రాశాడే, మన ఊరిని నమ్మి కాదు." బూడిద సింకులో కడిగేశారు. వెళ్ళే రోజు కారెక్కబోతూ నా గడ్డం పట్టుకున్నారు. "నువ్వు ఉండు. పని నేర్చావు. నోరు ఇంకా నేర్చుకోవాలి. భయం వేస్తే చెప్పను అను. తెలియదు అనకు. చెప్పను అన్నవాడితో రేపైనా మాట్లాడొచ్చు."

నేను ఇంకో నాలుగేళ్ళు ఉన్నాను. ఇప్పుడు నేనుంటున్న ఈ పెంకుటింటి ప్రతి గోడా ఆ నాలుగేళ్ళదే, అంటే ఆవిడ ఆడిన ఆ అబద్ధానిదే. తిరిగొచ్చేసరికి ఆవిడకి ఊళ్ళో ఆ పేరు స్థిరపడిపోయింది. ఒక క్రిస్మస్‌కి మా రెండు సంఘాలూ కలిసి ప్రేమవిందు చేశాం. గరిటె పట్టడానికి మార్తమ్మ గారు ముందుకొస్తే, ఒకావిడ అందరూ వినేలా అంది: "ఆవిడ్ని వంట దగ్గరికి రానివ్వకండమ్మా, సామాన్లు గుడివి." నా ఒళ్ళు మండింది. నోరు తెరవబోయాను. మార్తమ్మ గారు ఒక్క చూపు చూశారు, ఆ చూపుకి ఆగిపోయాను. తర్వాత తాపీగా ఆవిడతో అన్నారు: "నిజమే వదినా. ఈ గుండిగ నా పెట్టెలో పట్టదు గానీ, నువ్వు కాపలా కూర్చో, నేను వండుతాను." అందరూ నవ్వారు. మార్తమ్మ గారే వండారు. ఆ మాటన్నావిడ కాపలా కూర్చుంది, మూడు సార్లు వడ్డించుకుంది.

ఇంటికెళ్ళే దారిలో గట్టు మీద నేను పోట్లాడాను. "ఎన్నాళ్ళు పడతారు? నేను చెప్పేస్తాను. అబద్ధం చెప్పింది నేనని చెప్పేస్తాను."

"చెబితే ఆ బల్ల దగ్గర మాటలన్నీ చెప్పాలి. అన్నం తిన్న ఇల్లు అది. వాళ్ళు ఇంకా కొలువుల్లో ఉన్నారు." కాసేపు నడిచి, "నేను పోయాక నీ ఇష్టం. అప్పుడు నన్ను పనిలోంచి తీసేసేవాడు ఎవడుంటాడులే," అని నవ్వారు.

ఆవిడ నేర్పింది నాకు చాలా చోట్ల అక్కరకొచ్చింది. రెండేళ్ళ క్రితం మా చేను పక్కనున్న రాజుగారు రొయ్యల చెరువు తవ్వడానికి మా అర ఎకరం కూడా కలపమని అడిగారు. నాన్న ఉన్నప్పటి నుంచీ మాకు అండగా ఉన్న కుటుంబం. అందరూ "ఆలోచిస్తామండి అని నాన్చెయ్యి" అన్నారు. నేను వాళ్ళ అరుగు మీద కూర్చుని, "ఇవ్వనండి. ఉప్పునీరు దిగితే చేను మళ్ళీ చేను కాదు," అన్నాను. ఆయన మొహం ముడుచుకున్నారు. సాయంత్రం వాళ్ళింటికి గుత్తివంకాయ కూర పట్టుకెళ్ళాను. వారం తర్వాత గిన్నె తిరిగొచ్చింది, అందులో రొయ్యల వేపుడు. ఆయన చెరువు ఆయనకుంది, నా చేను నాకుంది.

మొన్న ఆదివారం మార్తమ్మ గారి జ్ఞాపకార్థ కూడికలో సాక్ష్యాలు చెప్పేవాళ్ళు చెప్పమన్నారు. నేను లేచాను. పేర్లు లేకుండా, ఇప్పుడు మీకు చెప్పినంతా చెప్పాను. తెలియదన్నది నేనేనని చెప్పాను. వెనక వరసలోంచి ఒక పెద్దాయన, "మరి దీనికి రుజువేంటమ్మా?" అన్నారు. చెడ్డ మనిషి కాదు, అడగాల్సిన మాటే అడిగారు.

"రుజువు ఆవిడే కాల్చేశారండి. ఇంకొకరి పేరు కాపాడ్డానికి. నమ్మితే నమ్మండి. నమ్మకపోతే నా మొహం మీద చెప్పండి, వెనకాల అనకండి," అన్నాను. విజయ ముందు వరసలో కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. బయటికొచ్చాక నా చేతిలోని సున్నుండల గిన్నె అందుకుని తనే అందరికీ పంచింది. ఆ పెద్దాయన రెండు తీసుకున్నారు.

ఇది చదువుతున్న మీరు ఆవిడ్ని చూసి ఉండరు. నన్నూ ఎరగరు. నా మాట తప్ప మీకు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అయినా ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో ఎవరిదో గిన్నె ఒకటి తిరిగివ్వాల్సింది ఉండే ఉంటుంది, మీతో మాట పడనివాళ్ళదైనా సరే. అందులో ఏదో ఒకటి వేసి పంపేటప్పుడు, గోదావరి జిల్లాలో మార్తమ్మ అనే వంటమనిషి ఉండేదని, ఆవిడ దొంగ కాదని, ఒక్కసారి గుర్తు చేసుకోండి.